సైదాబాద్ దాకా తోడు

ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక యువకుడు బిందుమాధవి స్కూటీ తాళం లాక్కున్నాడు.

"తెలంగాణ బంద్ అని ఎరుక లేదా మేడం? బండి పక్కకు పెట్టు."

"ఆస్పత్రికి వెళ్ళాలండీ. అర్జంటు. దయచేసి తాళం ఇచ్చేయండి."

ఆ కోస్తా యాసకు పక్కనున్న నలుగురూ తలలు తిప్పారు. ఇంకెక్కువ మాట్లాడితే ఏమవుతుందోనని తాళం కోసం చెయ్యి మాత్రం చాచింది.

కాళ్ళ దగ్గర ఐసు డబ్బా ఉంది. అందులో రెండు కళ్ళున్నాయి.

పొద్దున అల్మాస్‌గూడలో ఎవరో పోతే, ఆ కళ్ళను టెక్నీషియన్ కృష్ణకుమారి సేకరించింది. బస్సుల్లేక ఇక్కడిదాకా నడిచొచ్చి, ఇప్పుడే డబ్బా అందించింది.

"మేడం, నా వెంట ఒకాయన వచ్చిండు, ఆయన..."

"తర్వాత చెబుదువుగాని. టైం లేదు" అని బిందుమాధవి బండి తీసేసింది. మిగిలిన సామాను తెచ్చుకోవడానికి కృష్ణకుమారి ఆ ఇంటికే తిరిగి వెళ్ళిపోయింది.

సైదాబాద్‌ కంటి ఆస్పత్రిలో లలితకుమారి అనే దర్జీ ఆవిడ ఎదురుచూస్తోంది. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. రెండో కంటి నల్లగుడ్డు పుండై చిల్లుపడింది. మధ్యాహ్నంలోగా కొత్త పొర వేయకపోతే అదీ దక్కదన్నాడు డాక్టరు.

పోయిన నెల బంద్‌లో ఇలాగే ఒక జత కళ్ళు దారిలోనే పాడైపోయాయి. మళ్ళీ అదే జరిగితే తాను నడిపే నేత్రదాన సంస్థనే మూసేయాలనిపించింది బిందుమాధవికి.

"దేవుడా, ఇవాళ ఒక్కరోజు" అనుకుంది.

అంతలో జనంలోంచి ఒకాయన ముందుకొచ్చాడు. యాభై దాటి ఉంటాయి. మెడలో కండువా. కాళ్ళకు చెప్పుల్లేవు.

యువకుడి చెవిలో ఏదో చెప్పాడు.

యువకుడు వెంటనే తాళం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మీరేం మాట్లాడకుర్రి అమ్మా. నేను ముంగట నడుస్త. మీరు మెల్లగ రార్రి" అన్నాడు ఆ పెద్దమనిషి.

ఎవరో నాయకుడు కాబోలు అనుకుంది బిందుమాధవి.

కొత్తపేటలో వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు, కళ్ళు మండే పొగ, డప్పులు.

గరిటె పట్టుకున్న ఒకామె ఆయన్ని ఆపింది. "జర తినిపో అన్నా. పొద్దటిసంది ఏం తిన్నట్టు లేవు."

"ఇప్పుడేం ముట్టొద్దక్కా" అని ఆయన ఆమెకూ మెల్లగా ఏదో చెప్పాడు.

ఆమె గరిటె పక్కన పడేసింది.

"డప్పులు ఆపుర్రి! పొయ్యి జరుపుర్రి!" అని కేకలేసింది.

నిరాహార దీక్షలో ఉన్నాడన్నమాట. అయితే పెద్ద నాయకుడే!

మనుషుల్ని చదవడంలో బిందుమాధవికి తన మీద తనకు మహా నమ్మకం. ఎనిమిదేళ్ళ కిందట బ్యాంకు ఉద్యోగం మానేసి నేత్రదాన సంస్థ పెట్టింది. దానాల మీద బ్లాగు రాస్తుంది, సభల్లో మాట్లాడుతుంది. ఇచ్చేవాడి ముఖం చూస్తే చాలు, ఎందుకిస్తున్నాడో చెప్పేస్తానని బ్లాగులో ఒకటికి నాలుగుసార్లు రాసుకుంది. చెక్కు కన్నా ముందు కెమెరా ఎక్కడని అడిగేవాళ్ళను చూసీ చూసీ పాపం ఆమె మనసు అలా మొద్దుబారింది.

గడ్డిఅన్నారం దగ్గర రోడ్డంతా రాళ్ళు, కాలుతున్న టైర్లు. స్కూటీ కదలదు. అక్కడే వదిలేసి డబ్బా ఎత్తుకుంది. డాక్టరు ఫోను.

"ఎక్కడున్నారమ్మా? ఇంక ఆగితే లాభం లేదు."

బిందుమాధవికి ఏడుపొచ్చేసింది. పరుగులాంటి నడక. చేతులు లాగేస్తున్నాయి.

"ఇటియ్యుర్రి, నేను పట్టుకుంట" అన్నాడాయన.

"వద్దు!" డబ్బాను గుండెకు అదుముకుంది. "ఇందులో ఏముందో తెలుసా మీకు?"

"ఎరుకే" అన్నాడు. ముందుకు నడుస్తూ దారిలో రాళ్ళు తీసి పక్కకు వేశాడు.

ఆస్పత్రి గేటు దగ్గర నర్సు ఎదురొచ్చింది. ఆయన మాత్రం కదలకుండా నిలబడ్డాడు.

"ఎవరికి పెడ్తరమ్మా?"

"అది చెప్పకూడదు. రూలు."

ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఆ నిలబడటం బిందుమాధవి ఎరగనిదా?

"ఫోటో కావాలంటే రేపు ఆఫీసుకు రండి. మీ పేరుతో బ్లాగులో వేస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఫోటో ఎందుకమ్మా. ఒక్కసారి డబ్బా మీద చెయ్యి పెట్టి పోత."

"ఇదేమన్నా ఊరేగింపా అండీ, తలా ఒక చెయ్యి వేయడానికి?" అని కసిరి ఆమె లోపలికి పరుగెత్తింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కన్ను నిలబడుతుందన్నాడు డాక్టరు.

బిందుమాధవి వరండాలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. కాస్త ఊపిరి తీసుకున్నాక, ఉద్యమం చేసేవాళ్ళు కూడా సాయానికి బదులు కోరుకుంటారని రాత్రికి బ్లాగులో ఎలా రాయాలో మనసులో కూర్చుకుంటోంది.

ఫోను మోగింది. కృష్ణకుమారి.

"మేడం, నర్సింహులన్న బయల్దేరిండా? ఇంటికాడ అందరు ఆయన కోసమే ఆగిన్రు."

"ఏ నర్సింహులు?"

"అదే మేడం, ఇంటికాడికెంచి నా వెంట ఒచ్చి, మీ ముంగట నడుస్తనన్న పెద్దమనిషి. ఎల్బీనగర్ల చెప్పబోతిని, మీరు వినకపోతిరి."

బిందుమాధవి చెవి దగ్గర ఫోను పెట్టుకునే గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద ఎవరూ లేరు. ఆయన అప్పుడే వెళ్ళిపోయాడన్నాడు వాచ్‌మన్.

"ఎవరాయన, కృష్ణా?"

"ఆ కండ్లు ఆయన భార్యవే మేడం, ఆయన ఒస్తెగాని శవాన్ని లేపరు."