కంపు పోయిన బావి

“నువ్వు దిగకయ్యా” అంటూ ఆండాలు మోకు వదల్లేదు.

“కంపే లేదు గదనే” అన్నాడు ఆమె మొగుడు కొండల్. బావుల్లో పూడిక తీయడం అతని పని.

లాల్‌దర్వాజాలోని ఆ వాకిట్లో బావినీళ్లు ముట్టి ఏళ్లయింది. గోడవతల మోటారు షెడ్డువాళ్లు పారబోసిన డీజిలు మట్టిలో ఇంకి నీళ్ల మీద తేలేది. ఇప్పుడా షెడ్డు లేదు. ఈ ఎండలకు నల్లాలు కూడా రావడం మానేశాక వాడకట్టుకు మళ్లీ బావి గుర్తొచ్చింది.

మేడ మీద అద్దెకుండే ఆనందరావు కాలేజీలో సైన్సు లెక్చరర్. చేద వేసి నీళ్లు తోడి చూశాడు. తెట్టు లేదు.

“ఫికర్ చెయ్యకమ్మా. మట్టిల బాక్టీరియా ఉంటది, కంటికి కనబడని పురుగులు. డీజిల్‌ను అవి తింటయి. ఇన్నేండ్లల్ల తిని తిని సాఫ్ చేసినయి.”

“గంత విషం తిని సావలేదా సారు?”

“సచ్చేటివి సచ్చినయి. అరిగించుకునేటివి బతికి మస్తు పెరిగినయి.”

కొండల్ అలవాటుగా ముందు కందిలి వెలిగించి, లోపల ఆరిపోతుందేమో చూడ్డానికి దించబోయాడు. ఆనందరావే ఆపాడు.

“ఏడన్న కొంచెం డీజిల్ మిగిలుంటే అంటుకుంటది. దీపం వద్దు.”

కొండల్ మోకు పట్టుకుని దిగాడు.

“సల్లగుందే” అన్న మాట కింది నుంచి వినిపించింది. కాసేపటికి నీళ్లలో ఏదో పడ్డ చప్పుడు.

ఆండాలు పిలిచింది. మళ్లీ పిలిచింది. పలుకు లేదు.

కొండల్ తమ్ముడు అంజన్ నడుముకు తాడు కట్టించుకుని దిగాడు. సగం లోతులోనే అతని చేతులు పట్టు తప్పాయి. పైవాళ్లు గబగబా లాగి బండ మీద పడుకోబెట్టారు. చాలాసేపటికి గానీ కళ్లు తెరవలేదు.

“డీజిల్ వాసనా?” ఎవరో అడిగారు.

“వాసన లేదు. ఊపిరాడలే.”

ఆ మాట వినగానే ఆనందరావు మొహం పాలిపోయింది. కొండల్ ఇంకా బావి అడుగునే ఉన్నాడు.

ఆండాలు వచ్చి అతని ముందు నిలబడింది.

“ఏం జేసినయి సారు, మీ పురుగులు?”

ఆయన గట్టు మీద మిగిలిపోయిన కందిలి వైపు చూశాడు.

“తినాలంటే వాటికి ఊపిరి గూడ కావాలమ్మా. బావిల గాలంత అవే పీల్చుకున్నయి.”