నూట ఎనభై ఆరో పేజీ

శనివారం కొండబాబు వస్తాడు. ఇదే ఆఖరిసారి, రాకపోతే ఇంక నీకూ నాకూ చెల్లు అని కార్డు రాశాడు. ఆలోపు గురమ్మ ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఏం తేల్చుకుంటుంది పాపం! చీపురుపల్లిలో కాపురం చేసిన మూడేళ్లూ అతను బయటికి వెళ్తూ తలుపుకి తాళం వేసేవాడు. వచ్చి, తాళం తీసి కొట్టేవాడు. ఆమె ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచడానికి రాదు. అరవై ఏడు ఎలక్షన్ల సందట్లో తప్పించుకుని బొబ్బిలిలో అన్న ఇంటికి వచ్చి పడింది. పద్నాలుగు నెలలైంది.

ఇక్కడ తాళం లేదు. కానీ ఉన్నది ఒక్క గది, ఒక వంటిల్లు. అన్నకి నలుగురు పిల్లలు. గురమ్మ పొయ్యి పక్కన ముడుచుకుని పడుకుంటుంది. వీధిలోకి వెళ్తే చాలు, "మీ ఆయనెప్పుడొస్తాడే?" అంటారు. అందుకని గడప దాటడం మానేసింది. అక్కడికి వెళ్లాలంటే భయం, ఇక్కడ ఉండాలంటే సిగ్గు.

వదిన జగ్గమ్మకి నోరు పెద్దది. "ఏటే, పొద్దస్తమానూ ఆ బుక్కు ముందరేసుకుని కూకుంటావు? బుక్కు కూడెడతాదా?" అని గిన్నెలు ఎత్తి కుదేసేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు.

అన్న జగన్నాధం అలా కాదు. పల్లెత్తు మాట అనడు. షాపులకి బోర్డులు రాస్తాడు. బజారులో ఏ రెండు బోర్డుల అక్షరాలూ ఒకలా ఉండవు, అన్నీ అతని చేతివే. "నీ ఇష్టవమ్మా. ఉంటే ఉండు, ఎల్తే ఎల్లు. నానేటీ సెప్పను" అనేవాడు. చెల్లెలికి కాలక్షేపంగా ఉంటుందని నారాయణమూర్తిగారి అద్దె లైబ్రరీ నుంచి నవలలు తెచ్చి ఇచ్చేవాడు.

ఆ లైబ్రరీలో అన్ని పుస్తకాలకీ ఒకటే ఖాకీ అట్ట. పుస్తకంలో రాతలు రాయరాదని ప్రతిదాని మీదా ముద్ర. ఎవరు వింటారు? చదివినవాళ్లంతా పేజీల అంచుల్లో పెన్సిలుతో తిట్లూ శాపనార్థాలూ ఆశీర్వచనాలూ రాసి పడేసేవాళ్లు. గురమ్మకి కథ కన్నా ఆ రాతలే ఇష్టం. ఇరుగూ పొరుగూ అన్నీ ఆమెకి అవే.

గురువారం తెచ్చిన నవలలో శేషగిరి అని ఒక దుర్మార్గుడు. తాగుతాడు, పెళ్లాన్ని చావబాదుతాడు. గురమ్మ ఆ పేజీ గబగబా తిప్పేయబోయింది. పక్కన అంచులో గుండ్రటి అక్షరాలు: "వీడి చేతులు పడిపోను!" హమ్మయ్య, నావైపు ఒకరున్నారు అనుకుంది.

నూట ఎనభై ఆరో పేజీకి వచ్చేసరికి శేషగిరి మారిపోయాడు. తాగుడు మానేశాడు. అత్తారింటి అరుగు మీద మూడు రోజులు తిండీ తిప్పలూ లేకుండా కూర్చుని, పెళ్లాం బయటికి రాగానే కాళ్లు పట్టుకున్నాడు.

"ఛీ! ఈ ఏడుపులు నమ్మకు తల్లీ" అని గుండ్రటి అక్షరాలు.

"ఎందుకు నమ్మకూడదు? మనిషన్నవాడు మారడా? మీది గుండె కాదు, రాయి" అని కింద ఏటవాలు అక్షరాలు కయ్యానికి దిగాయి.

ఆ కింద సన్నటి అక్షరాలు: "నేనూ ఇలాగే పుట్టింట్లో రెండేళ్లు ఏడుస్తూ కూర్చున్నాను. ఆఖరికి ధైర్యం చేసి వెళ్లాను. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. మళ్లీ ఒక్క దెబ్బ తినలేదు. ఇట్లు, ఒక సోదరి."

చివరి పేజీలో మళ్లీ గుండ్రటి అక్షరాలు: "నేను తొందరపడి తిట్టాను. సోదరి చెప్పిందే రైటు."

గురమ్మ ఆ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదువుకుందో! చదివినప్పుడల్లా ఏడ్చింది.

"అన్నయ్యా, మనుసులు మారతారేటి?" అని అడిగింది.

జగన్నాధం రంగు కలుపుతూ తలెత్తలేదు. "సదూకున్నదానివి, నీకే తెలవాల."

శనివారం కొండబాబు వచ్చాడు. గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని అరుగు మీద ఒద్దికగా కూర్చున్నాడు. "నాను మారిపోనానే. అమ్మోరి మీద ఒట్టు."

గురమ్మ అతని చేతులవైపు చూసింది. ఎడమ మోచెయ్యి కొంగు కింద దాచుకుంది. ఆ సోదరికీ మొదట ఇలాగే భయమేసి ఉంటుంది అనుకుంది.

"ఎల్తాను" అంది.

జగ్గమ్మ ఆమెని పెరట్లోకి లాక్కుపోయింది. "ఒసే, ఎల్లకే! నా నోరు సెడ్డదే గానీ నిన్నెప్పుడైనా పొమ్మన్నానా? ఆడు కూకున్నంతసేపూ మన తలుపు గొళ్లేన్నే సూస్తన్నాడే. నాకు బయమేస్తన్నాది."

"మారినోళ్లున్నారొదినా. బుక్కులో రాసేరు."

"ఎవులు రాసేరు?"

గురమ్మ లోపలికి వెళ్లి బట్టలు మూట కట్టుకుంది.

జగన్నాధం పనుందని పెందలాడే బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ, "ఆ పుస్తకం అక్కడెట్టీమ్మా, నానిచ్చేస్తాను" అన్నాడు. గురమ్మ పెట్టలేదు. బస్సుకి వెళ్లే దారిలోనే కదా లైబ్రరీ. రిక్షా ఆపించి తనే లోపలికి వెళ్లింది.

"బాబూ, ఈ పుస్తకం నాకన్నా ముందు తీసుకెళ్లినావిడ ఎవరండీ? ఈ ఊరేనా? ఒక్కసారి దణ్ణం ఎట్టుకుని ఎల్తాను."

"ఎంతసేపే?" రిక్షాలోంచి కొండబాబు కేక వేశాడు. ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. "బస్సెలిపోతాది, రా!"

నారాయణమూర్తిగారు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు.

"నీకన్నా ముందు ఆవిడెవరు తల్లీ, ఇది మంగళవారం పార్సెల్లో దిగిన కొత్త పుస్తకం, అట్ట జిగురు ఆరకముందే మీ అన్నయ్య పట్టుకుపోయాడు, ఇంకెవరూ ముట్టుకోనైనా లేదు."