రెండున్నర కిలోలు

"ఈ తొంభై ఆరుగురు పిల్లలూ సరిగ్గా రెండున్నర కిలోలే పుట్టారా సిస్టర్ గారూ?"

హేమశ్రీ గ్రాఫు కాగితాన్ని టేబుల్ మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండా అరచేత్తో నొక్కిపట్టింది. రేవుమెరక ప్రభుత్వాసుపత్రిలో ఓపీ అయిపోయింది. నర్సు సత్యవాణి ఒక్కతే కూర్చుని టీకాల కార్డులు సర్దుకుంటోంది.

"కూర్చోమ్మా. ఏంటి సంగతి?"

"కూర్చోడానికి రాలేదండి."

హేమశ్రీ కాకినాడలో స్టాటిస్టిక్స్ డిగ్రీ చదువుతోంది. పుస్తకంలో లెక్కలు కాకుండా ఊళ్లో దొరికే అసలు లెక్కలతో ప్రాజెక్టు చెయ్యమన్నారు కాలేజీలో. నాలుగేళ్లలో ఇక్కడ పుట్టిన పిల్లల బరువులు కావాలని అడిగితే, సత్యవాణే రిజిస్టరు మొత్తం ఫొటోలు తీసుకోనిచ్చింది.

"నాలుగు వందల పన్నెండు కాన్పులు. సగటు రెండు కిలోల ఎనిమిది వందల నలభై. సగటు చూసి చాలా బాగుందనుకున్నాను. గ్రాఫు గీశాక తెలిసింది. పిల్లల బరువులు గీస్తే గంట బోర్లించినట్టు రావాలండి. మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా. మన ఊరి గంటకి ఎడమ పక్క వాలే లేదు. కత్తిపీట మీద కోసేసినట్టుంది. ఆ కోసిన చోట ఇదిగో, ఈ స్తంభం."

సత్యవాణి కళ్లజోడు సర్దుకుని చూసింది.

"మిగతా పిల్లలకి 2.740, 2.985 అని రకరకాలుగా ఉన్నాయి. ఈ తొంభై ఆరుగురికీ గ్రాము అటూ ఇటూ లేకుండా రెండున్నర. అంతకన్నా తక్కువ నాలుగేళ్లలో ఒక్కరంటే ఒక్కరు లేరు. రెండున్నర ఉంటే పిల్ల బాగున్నట్టు. గ్రాము తగ్గినా బరువు తక్కువ అని రాయాలి. అందుకే కదా అందర్నీ తెచ్చి గీత మీద కూర్చోబెట్టారు?"

"గ్రాఫు బాగా గీశావమ్మా," అంది సత్యవాణి.

ఆ మాటకి హేమశ్రీకి ఒళ్లు మండిపోయింది.

"మా వదిన పాపాయి తన కొడుకుని ఇక్కడే కంది. వాడికీ రెండున్నరే రాశారు. ఇంటికి తెచ్చిన రోజున మా అన్నయ్య చేపల కాటా కడిగి, తువ్వాలు పరిచి తూచాడు. వాడు రెండు కిలోలు కూడా లేడు. కాటా పాడైందేమోనని కిలో పంచదార ప్యాకెట్టు పెట్టి చూశాం. కాటా బాగానే ఉందండి. మీ రిజిస్టరే బాగాలేదు."

సత్యవాణి కార్డుల కట్టకి రబ్బరు బ్యాండు వేసింది.

"పోయినేడాది పక్క మండలం ఆసుపత్రికి పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే మిషన్ ఇచ్చారు. మనకి ఇవ్వలేదు. మన దగ్గర బరువు తక్కువ పిల్లలే పుట్టట్లేదట. మీరు రాసిన అంకెలు చూసే కదా అలా అన్నారు? ఆ మిషన్ లేక మా వదిన వాణ్ణి గుండెల మీద వేసుకుని నెల రోజులు కదలకుండా కూర్చుంది. దీన్ని కలెక్టరాఫీసుకి పంపుతాను. మీ పేరుతో సహా."

"పంపు."

సత్యవాణి లేచి వెళ్లి తలుపు దగ్గరకి వేసింది. తన సంచిలోంచి అట్ట నలిగిన నోట్‌బుక్ తీసి గ్రాఫు పక్కన పెట్టింది.

"ఇది కూడా ఫొటోలు తీసుకో."

హేమశ్రీ తెరిచింది. తల్లి పేరు, కాన్పు తేదీ, బిడ్డ బరువు. 1.950. 2.210. 2.380. మొత్తం ఎనభై ఎనిమిది మంది. మిగతా ఎనిమిది మందీ నిజంగానే రెండున్నర అని కింద రాసుంది. వదిన పాపాయి పేరుకి ఎదురుగా 1.880 అని ఉంది. దాని కింద సత్యవాణి వాళ్లింటికి వెళ్లిన తేదీలు, వెళ్లిన ప్రతిసారీ బిడ్డ ఎంత పెరిగాడో ఆ బరువు. పదకొండు సార్లు వెళ్లింది.

"బిడ్డని గుండెల మీద వేసుకుని కూర్చోమని మీ వదినకి నేర్పింది నేనే. కావలిస్తే అడుగు."

"మరి రిజిస్టర్లో అలా ఎందుకు రాశారండి?"

"మొదటి మూడు నెలలూ ఉన్నది ఉన్నట్టే రాశాను. మీటింగులో అందరి ముందూ నిలబెట్టారు. మండలం పేరు చెడగొడుతున్నానన్నారు. ఆ పేజీలు చింపించి మళ్లీ రాయించారు. రాయనంటే, నన్ను ఏజెన్సీ కొండల్లోకి పంపేసి చెప్పినట్టు రాసే మనిషిని ఇక్కడ వేస్తామన్నారు. నేను వెళ్లిపోతే ఈ పిల్లల ఇళ్లకి ఎవరు తిరుగుతారమ్మా?"

"ఎవరండి అలా అన్నది?"

"పేర్లూ తేదీలూ చివరి పేజీలో ఉన్నాయి. నా పేరు కూడా పెట్టు. రాసిన చెయ్యి నాదే కదా."

హేమశ్రీకి కోపం తగ్గలేదు. సత్యవాణి మీద మాత్రం దాన్ని చూపించలేకపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎనభై ఎనిమిది మందివీ ఒక్కో పేజీ ఫొటో తీసుకుంటూ పోయింది. చివరి పేజీ అయ్యాక ఫోన్ పక్కన పెట్టి తలెత్తింది.

"ఒకటి అడగనా అండి? అబద్ధం రాయక తప్పనప్పుడు ఒకడికి 2.540, ఇంకొకడికి 2.615 అని మార్చి మార్చి వేసుంటే నాకు అనుమానమే వచ్చేది కాదు. ఇన్నేళ్ల సర్వీసున్నవారు, అందరికీ ఒకే అంకె వేసి ఇంత తేలిగ్గా దొరికిపోయారేంటండి?"

సత్యవాణి కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది.

"నాలుగేళ్లుగా నెలనెలా పైకి పంపుతూనే ఉన్నాను, ఒక్కరూ సరిగ్గా చూడలేదు. దొరకాలనే అలా వేశానమ్మా."