తొమ్మిదడుగుల దూరంలో టీ

నర్సు సంచిని పెద్దావిడ కూతురే సర్దుతోంది.

రెండు జతల బట్టలు, దువ్వెన, తువ్వాలు, కళ్ళజోడు పెట్టె. మడత పెట్టకుండానే లోపలికి కుక్కుతోంది. మూడు వారాలు ఇంట్లో మసలిన మనిషి సామాను మూడు నిమిషాల్లో అయిపోయింది.

"నేను సర్దుకుంటానమ్మా," అంది నర్సు గుమ్మంలో నిలబడి.

"అక్కర్లేదు. పని చేయడం మీకు అలవాటు లేదుగా."

నర్సు యాభై దాటిన మనిషి. నవ్వితే ముఖం అరిగిపోతుందేమోనన్నట్టు ఉంటుంది.

"పొద్దున నా కళ్ళతో చూశాను," అంది కూతురు. "టీ కప్పు తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టారు. అమ్మేమో మంచం మీద. తుంటి విరిగి ఆపరేషనైన మనిషిని నడిచొచ్చి తాగమంటారా?"

"తొమ్మిదడుగులేనమ్మా."

"ఆవిడ వాకరు పట్టుకుని వణుక్కుంటూ వస్తుంటే మీరు చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. కుక్కకైనా గిన్నె దగ్గరికి జరుపుతారు."

"కిందటివారం ఏడడుగులకే ఆయాసపడ్డారు."

"అది గొప్పా? అమ్మ ఏడ్చింది."

"ఏడవలేదు. తిట్టారు. తిడితే గానీ ఆ కాళ్ళలోకి బలం రాదు."

తిట్ల సంగతి నిజమే. ఆ మూడు వారాలూ ఆ గదిలో యుద్ధమే.

"దయ్యమా, వెతుక్కుంటూ నా కొంపకే వచ్చావా?" అనేది పెద్దావిడ.

"వచ్చాను. లేవండి."

"నిన్ను కన్న తల్లెవరే?"

"మీలాంటి ఆవిడే. బొత్తాలు మీరే పెట్టుకోండి."

"పో నా ఇంట్లోంచి" అని రోజుకు ఇరవైసార్లైనా అనేది. నర్సు పోయేది కాదు. ఆ కేకలు వంటగదిలోకి వినబడినప్పుడల్లా కూతురు పొయ్యి ఆపి గది గుమ్మం దాకా వెళ్ళేది.

"డాక్టరుగారు ఆరు వారాలన్నారమ్మా," అంది నర్సు. "ఈలోపు లేచి తిరగకపోతే ఇక మంచమేనని మీ ముందే చెప్పారు. ఇంకా మూడున్నాయి."

"నడిపించమన్నాడు. చంపమనలేదు. మీ ఆఫీసుకి ఫోన్ చేశాను, రేపు వేరే మనిషి వస్తోంది."

నర్సు పక్కగది వైపు చూసింది. పెద్దావిడ మధ్యాహ్నపు నిద్రలో ఉంది.

"లేచాక ఒక్క మాట చెప్పి వెళ్తాను."

"ఎందుకు, ఇంకో నాలుగు తిట్లు తినాలనుందా?"

సంచి చేతికిచ్చి తలుపు వేసేసింది.

గంట తర్వాత పెద్దావిడ లేచింది.

"ఏదే ఆ దయ్యం?"

"పంపించేశానమ్మా. ఇక నిన్నెవరూ ఏడిపించరు."

పెద్దావిడ గుమ్మం వైపు చాలాసేపు చూసింది. తర్వాత కూతురి చేతుల వైపు చూసింది. అవి తన దుప్పటి సర్దుతున్నాయి.

"మంచి పని చేశావు," అంది.

కొత్త నర్సు మర్నాడే వచ్చింది. తేనెలాంటి గొంతు.

"కదలకండి బామ్మగారూ, నేనున్నానుగా."

బొత్తాలు తనే పెట్టింది. తల తనే దువ్వింది. టీ చెంచాతో నోటికందించింది.

"ఇది టీయా? గోరువెచ్చటి కుడితి," అంది పెద్దావిడ కాస్త ఆశగా.

కొత్త నర్సుకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "తప్పైపోయింది బామ్మగారూ."

పెద్దావిడ ఆ పిల్లని మళ్ళీ తిట్టలేదు. ఎవరినీ తిట్టలేదు.

ఇల్లు సద్దుమణిగింది. "అమ్మ ఎంత నెమ్మదించిందో," అని కూతురు అందరికీ చెప్పుకుంది. రెండో వారానికి వాకరు మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నారు. మూడో వారంలో పెద్దావిడకి జ్వరం, ఆయాసం. పడుకుని పడుకుని ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. ఆసుపత్రిలో చేర్చారు.

"నడవడం ఎప్పుడు మానేశారు?" అని డాక్టరు అడిగాడు.

ఆ రోజు కూతురికి తారీఖుతో సహా గుర్తుంది.

శనివారం నర్సుల ఆఫీసుకి వెళ్ళింది.

"ఆ పాతావిడనే పంపండి. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

మేనేజరు ఫోన్ చేసి మాట్లాడాడు. "సోమవారం వస్తానంది."

"నా మీద కోపంగా ఉందా?"

"మీ మీద కాదండీ. మీ అమ్మగారికిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయానని బాధపడుతోంది."

"అమ్మకేం మాటిచ్చింది? మీరు పంపితే వచ్చిన మనిషేగా?"

మేనేజరు పెన్ను కింద పెట్టాడు.

"మీకు చెప్పొద్దని మీ అమ్మగారు మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నారు. ఆపరేషనైన మూడో రోజే ఆసుపత్రి మంచం మీద నుంచి నాకు ఫోన్ చేశారు. 'నేనెంత తిట్టినా పోని మనిషి కావాలి. నా మీద జాలి చూపించకూడదు. మా అమ్మాయికి జాలెక్కువ, దాని చేతిలో పడితే నేనిక లేవను' అన్నారు. నలుగురు నర్సుల్ని ఫోన్లో పిలిపించి ఒక్కొక్కరినీ తిట్టి చూశారు. ముగ్గురు ఏడ్చారు. ఈవిడొక్కతే ఎదురు తిట్టింది. 'ఇదే నాది' అన్నారు. ఎంత తిట్టినా వదిలి పోనని ఈవిడ మాటిచ్చింది."

పెద్దావిడ ఏరి కోరి తెచ్చుకున్న ఆ మనిషి చెప్పినట్టే సోమవారం పొద్దున వచ్చింది. పెద్దావిడ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు పోయింది.