వెడల్పు రెక్క

డీజిల్ కరువై మరపడవలు పొయ్యిలోకి కట్టెలైపోయాక, ఆ తీరంలో చేపలవేటంతా గాలిపటాల మీదే. పైన పటం లాగుతుంటే కాళ్ళకింద బల్ల నీటిని వదిలి లేస్తుంది. దాన్ని లేపేది బల్ల అడుగున బిగించిన, నీళ్ళలో మునిగి ఉండే రెక్క. ఒడ్డున ఉండిపోయేవాళ్ళ చెయ్యి ఆ రెక్కని బిగిస్తేనే వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారని అక్కడి నమ్మకం.

నూకరత్నం కూతురు దేవుడమ్మది సన్నరెక్క. అది కత్తిలా పరిగెడుతుంది, వేగం తగ్గిందంటే ఉన్నపళంగా పడేస్తుంది. ఆ పడడమే తల్లికి రోజూ కళ్ళముందు ఆడేది. అందుకే ఆ ఉదయం, నేర్చుకునే పిల్లలు వాడే వెడల్పు రెక్క బిగించింది.

"ఇదేటమ్మా? దీనిమీద ఎల్తే చేపలు కూడా నవ్వుతాయి."

"నవ్వనీ. నెమ్మదిగా ఎల్లినా నిలబెడతాది. ఈ ఒక్కరోజూ నా మాట ఇనవే తల్లీ."

"సర్లే, నీ బెంగతో సచ్చిపోతన్నాను," అని నవ్వుతూ వెళ్ళింది దేవుడమ్మ.

మధ్యాహ్నం తూర్పున ఆకాశం నల్లబడింది. గాలివాన తరుముతుంటే సన్నరెక్కల వాళ్ళంతా ఒకరి వెనుక ఒకరు ఒడ్డుకి దూసుకొచ్చారు. అందరికన్నా చివర వచ్చిన ఎర్రయ్య ఇసుకలో కూలబడ్డాడు.

"దేవుడమ్మ పడనేదు పిన్నీ. నిలబడే ఉంది. పటం ఎంత లాగినా ఆ రెక్క పరుగెత్తనేదు. ఎనకనించి వాన కమ్మేసింది."

సాయంత్రానికి సముద్రం తేటపడింది. దానిమీద ఏమీ లేదు. పక్కింటి సూరమ్మ వచ్చి నూకరత్నం భుజం పట్టుకుంది.

"రెక్క బాగానే బిగించావు కదా, వదినా?"

"ఊడకుండా బిగించాను," అంది నూకరత్నం. స్పానర్ ఇంకా ఆమె కొంగులోనే ఉంది.