నాలుగో నవల

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మెట్లెక్కుతుంటే అతనికి బావ ఫోన్ చేశాడు.

“ఏంట్రా, ఏదో ఒకటి తేల్చవేం? సాయంత్రాలూ ఆదివారాలూ షాపులో కూర్చుంటానంటే నువ్వే. లేదంటే ఇంకొకణ్ణి చూసుకుంటా. ఆరింటిలోపు చెప్పు.”

“చెప్తా బావా.”

పొద్దున భార్య కూడా అదే పాట. “ఈ పుస్తకాల గోల ఇవాళ్టితో తేల్చుకుని రండి. ఏళ్ళ తరబడి చూస్తున్నా. మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే.”

అతను మీటర్ రీడర్. రెండేళ్ళ కిందట కరెంటు మీటరు చూడ్డానికి ఈ రెండో అంతస్తుకొచ్చి, పెద్దావిడ అడిగితే ఆవిడకొచ్చిన ఉత్తరం చదివిపెట్టాడు. “గొంతు బావుంది. నవలలు కూడా చదివిపెడతావా నాయనా?” అందావిడ. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఇక్కడే.

ఆవిడ ప్రెస్సులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దింది. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. వీధిలో అందరికీ ప్రూఫుల మామ్మ. కళ్ళు పోయినా నాలుకకి పదును తగ్గలేదు.

ఈమధ్య చదివిన మూడు నవలల్నీ ఉతికి ఆరేసింది.

మొదటిది డ్రాగన్ కథ. “మూడొందల పేజీలు ఎగిరింది. దానికి ఒక్కసారైనా ఆకలెయ్యదా? ఆకలి లేని జంతువుని చూసి నేనెందుకు భయపడాలి?”

రెండోది మాంత్రికుడిది. “గోడ అడ్డొచ్చినప్పుడల్లా మంత్రం వేసి దాటేస్తున్నాడు. మరి ఆ గోడ కట్టడం దేనికి?”

మూడోది అందరూ ఎగబడి కొంటున్న హత్య కథ. “హంతకుడు రెండో అధ్యాయంలో కాఫీ కలుపుతూనే దొరికిపోయాడు. ఆ సంగతి రచయితకి తెలియడానికి ఇరవై అధ్యాయాలు పట్టింది.”

మధ్యమధ్యలో “అచ్చుతప్పులున్నాయా?” అని అడగడం, ఉన్నాయంటే ఆ ప్రెస్సువాళ్ళని దుమ్మెత్తిపొయ్యడం మామూలే.

నాలుగో నవల మొదలుపెట్టి ఇది ఐదో ఆదివారం. ఇవాళ్టితో అయిపోతుంది. రాజు జనం నీడలన్నీ లాక్కున్న ఊరి కథ. అప్పుడే పుట్టిన ఒక పాప నీడ కోసం, ఆ కాన్పు చేసిన మంత్రసాని కోట దాకా నడిచిపోతుంది.

చిత్రం ఏమిటంటే, ఈ ఐదు వారాల్లో మామ్మ ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, నవ్వలేదు. అచ్చుతప్పుల ఊసే లేదు. మొదటి రోజు “ఎవరు రాశారు?” అంది. “ఎవరో కొత్తాయన” అన్నాడతను. “ఊఁ” అంది. అంతే.

మిగతావాటికి మొదటి పేజీకే తగులుకున్న మనిషి ఇలా నోరు కట్టేసుకుని కూర్చుంటే అతనికి ముళ్ళ మీద ఉన్నట్టుంది.

ఇవాళ కూడా అంతే. కుర్చీ అంచుకి జరిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. అతను చదువుతూ గడియారం చూశాడు. నాలుగున్నర. మంచినీళ్ళు తాగాడు. ఫ్యాన్ వేగం పెంచాడు. మళ్ళీ తగ్గించాడు.

“‘పాప ఏడ్చింది, కానీ నేల మీద ఆ ఏడుపు తాలూకు కదలిక ఏదీ కనిపించలేదు.’”

“మళ్ళీ చదువు.”

“‘పాప కాళ్ళూ చేతులూ ఆడించింది. నేల మీద ఏదీ ఆడలేదు.’”

ఈసారి వాక్యం ఇంకోలా వచ్చింది.

“ఊఁ, కానీ” అంది మామ్మ.

అయిదూ నలభైకి చివరి వాక్యం పూర్తయింది. మామ్మ కదల్లేదు. అతను కుర్చీలోంచి లేచాడు. కిటికీ దాకా వెళ్ళాడు. వచ్చి కూర్చున్నాడు.

“ఎలా ఉంది మామ్మగారూ?”

“తొందరేం?” టీ గ్లాసు తడుముకుంది. చల్లారిపోయిన టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. “ఆ మంత్రసాని ఉంది చూశావూ, దాన్ని నేను మర్చిపోలేను. వారం నుంచీ కళ్ళు మూసుకుంటే అదే, పగిలిన పాదాలతో నడిచొస్తోంది. అలాంటి మనిషిని నాకు చూపించిన పుస్తకం ఈ మధ్య ఒక్కటీ లేదు.”

అతను ఊపిరి వదిలాడు.

“కానీ చివరి అధ్యాయం చెత్త.”

అతను మళ్ళీ లేచి నిలబడ్డాడు.

“పుస్తకమంతా నోరెత్తకుండా నడిచిన మనిషి, రాజు ముందు నిలబడి ఉపన్యాసం దంచడమేంటి? అది విని రాజు వెక్కివెక్కి ఏడవడమేంటి? రాసినవాడు చేతగానివాడు కాదు. భయస్థుడు. ఎవరేమంటారోనని అందరికీ మంచి జరిగిపోయినట్టు చూపించి చేతులు దులుపుకున్నాడు.”

“అంటే... మొత్తం దండగేనంటారా?”

“నాకనిపించింది చెప్పాను.”

అతను మెల్లగా అంతా సంచిలో సర్దుకున్నాడు. ఆరుకి పది నిమిషాలుంది. ఇంటికెళ్ళి భార్యకేం చెప్పాలో తెలిసిపోయింది. గుమ్మంలో చెప్పులేసుకుంటూనే ఫోన్ తీసి నొక్కాడు.

“ఆఁ, చెప్పరా” అన్నాడు బావ అవతల.

“బావా, అదే... షాపు సంగతి...”

వెనక కుర్చీలోంచి మామ్మ గొంతు ఖంగుమంది.

“ఫోన్ పెట్టెయ్, వెళ్ళి ఆ చివరి అధ్యాయం మళ్ళీ రాసుకుని, వచ్చే ఆదివారం తెచ్చి చదువు నాయనా!”