బండి కింద ప్రమాణాలు

"వెర్లిన్! బయటికొస్తావా, ఈ పెళ్లి గౌను విప్పేసి నా దారిన నన్ను పొమ్మంటావా?"

ట్రైలరు కింది నుంచి రెండు బూట్లు మాత్రమే కనబడుతున్నాయి. లోపలెక్కడో రెంచి టంగుమంది.

"ఒక్క నిమిషం బంగారం!"

"గంట నుంచీ అదే నిమిషం!"

అరిజోనా ఎడారిలో, చలికాలం ట్రైలర్లలో, అంటే చక్రాల ఇళ్లలో, గడిపేవాళ్ల క్యాంపు అది. క్యాంపంతా మడత కుర్చీల్లో కొలువుదీరింది. పక్క ట్రైలరు ట్వైలా అకార్డియన్ మీద అదే పాట తిప్పి తిప్పి వాయిస్తోంది. కేకు మీద క్రీము ఎండకి జారుతోంది. పెళ్లికూతురు ఒడెస్సాకి అరవై దాటాయి, పెళ్లికొడుక్కి డెబ్బై. పెళ్లవగానే ఆ ట్రైలరు కారుకి తగిలించుకుని అలాస్కా దాకా పోవాలని ఇద్దరి ముచ్చటా.

ఒడెస్సా వంగి, గొంతు తగ్గించింది. "మనసు మారిందా? మారితే మొహం మీదే చెప్పు. బండి కింద దాక్కోకు."

రెంచి చప్పుడు ఆగిపోయింది.

"మారడమా? పిచ్చిదానా, అడుగున దూలం పగిలింది. ఊరికే ఓసారి చూద్దామని దూరాను. స్ప్రింగు బిగించే చోట వేలు దూరేంత చీలిక. ఇలాగే బయల్దేరితే మొదటి గుంతలోనే ఇల్లు రెండు ముక్కలు. నిన్ను ఎక్కించుకుని దీన్ని ఎలా లాగను చెప్పు?"

ఒడెస్సా ఇంకాస్త వంగి లోపలికి చూసింది.

"అయితే బయటికి రావన్నమాట."

"ఈ ఇనప పట్టీ బిగించేదాకా రాను. రెండో కొస పట్టుకునే దిక్కు లేక చస్తున్నాను."

ఒడెస్సా పూలగుత్తి కుర్చీలో పడేసింది. గౌను మోకాళ్ల పైకి దోపుకుంది. బోర్లా పడుకుని బల్లిలా పాక్కుంటూ లోపలికి పోయింది.

"పెళ్లికూతురు కూడా పోయిందర్రోయ్!" అని కేక పెట్టింది ట్వైలా. కుర్చీలన్నీ గొల్లున నవ్వాయి.

సరిగ్గా అప్పుడే ఓ కారు ఆగింది. నల్లకోటు వేసుకున్న ఒకాయన దిగి, బిక్కుబిక్కుమంటూ అటూ ఇటూ చూశాడు. క్యాంపు పాస్టరుకి నడుం పట్టేసిందని, బదులుగా పక్క ఊరి నుంచి ఇంకొకాయన్ని పంపుతున్నామని పొద్దున్నే కబురొచ్చింది. ట్వైలా ఎదురెళ్లి చెయ్యి పట్టుకుంది.

"హమ్మయ్య, వచ్చారా! మీ కోసమే కళ్లు కాయలు కాస్తున్నాయి. ఇద్దరూ కిందే ఉన్నారు."

"కిందా?"

"రమ్మంటే రారు. మీరే దూరాలి."

ఆయన అకార్డియన్ని చూశాడు, కేకుని చూశాడు, జనాన్ని చూశాడు. "సరే, వచ్చింది దానికేగా" అని జేబులోంచి చిన్న టార్చి తీసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. చప్పట్లు మోగిపోయాయి.

కింద ముగ్గురూ వెల్లకిలా పడుకున్నారు. వెర్లిన్ నట్లు బిగిస్తున్నాడు. ఒడెస్సా రెండో కొసని రెండు చేతులా పైకి అదిమి పట్టుకుంది. టార్చి వెలుగు దూలం వెంట మెల్లిగా నడిచింది.

"అయ్యగారూ, మీరు కానివ్వండి. మా చేతులు ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీయే" అంది ఒడెస్సా.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ముందుగా ఒక్క మాట. ఇది ఇద్దరి ఇష్టంతోనే జరుగుతోందా?"

"ఇద్దరి ఇష్టమే!"

"ఎన్నాళ్లు ఉందామని?"

"ఊపిరున్నన్నాళ్లు" అన్నాడు వెర్లిన్, నట్టు మీద బలమంతా పెట్టి.

"గతుకుల దారులొస్తాయి మరి."

"రానివ్వండి" అంది ఒడెస్సా.

"గాలివాన? మంచు?"

"ఏదొచ్చినా వదిలేది లేదు."

"ఇంకొకటి. దాచకుండా చెప్పాలి. ఇంతకుముందు ఎప్పుడైనా విరిగిందా?"

రెంచి ఆగింది. వెర్లిన్ ఒడెస్సా వైపు తల తిప్పాడు.

"ఒకసారి విరిగింది" అన్నాడు నెమ్మదిగా.

"నాకూ" అంది ఒడెస్సా ఇంకా నెమ్మదిగా.

"గట్టిగానే అతికించుకున్నట్టున్నారు."

"ఇదిగో, ఇప్పుడే" అన్నారిద్దరూ ఒక్కసారే. చివరి నట్టు కిర్రుమని బిగుసుకుంది.

ఆయన పిడికిలితో దూలాన్ని నాలుగు చోట్ల కొట్టి చూశాడు. తృప్తిగా తల పంకించాడు. "నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు. ఇద్దరూ నిశ్చింతగా బయల్దేరండి."

వెర్లిన్ రెంచి వదిలేసి పెళ్లాన్ని ముద్దు పెట్టుకోబోయాడు. నుదురు వెళ్లి కొత్త పట్టీకి ఠంగున తగిలింది. పట్టీ చెక్కు చెదరలేదు. రెండోసారి గురి తప్పలేదు.

పాక్కుంటూ బయటికి రాగానే ముగ్గురి మీదా గుప్పిళ్లతో బియ్యం కురిసింది. ఒడెస్సా గౌను నిండా గ్రీజు, వెర్లిన్ బుగ్గ నిండా లిప్‌స్టిక్. ట్వైలా అకార్డియన్ మీద పాట మార్చింది. ఇలాంటి పెళ్లి పుట్టి బుద్ధెరిగి చూడలేదని ముసలివాళ్లంతా ఎగిరి గంతులేశారు. నల్లకోటాయన్ని కుర్చీలో కుదేసి, వద్దంటున్నా వినకుండా నోట్లో ఇంత కేకు కుక్కారు.

దుమ్ము రేపుకుంటూ ఇంకో కారు వచ్చి ఆగింది. మెడకి తెల్లపట్టీ, చంకలో బైబిలు, భారీ మనిషి ఒకాయన ఆయాసపడుతూ దిగాడు.

"మన్నించాలి, దారి తప్పాను! పాస్టరుని నేనే. పెళ్లికూతురెక్కడమ్మా?"

అకార్డియన్ కుయ్యిమని ఆగిపోయింది. అందరి తలలూ నల్లకోటు వైపు తిరిగాయి.

ఆయన కేకు గుటుక్కున మింగి, తలలోంచి బియ్యం దులుపుకుంటూ లేచాడు.

"నేను బీమా కంపెనీవాణ్ణండీ. పాలసీ ఇచ్చేముందు బండి అడుగు చూసి రమ్మని పంపారు."